శ్రుతి ఇచ్చే మనిషి

మా ఊళ్ళో గాలికి పేరుంది, బోరా.
కొండల మీంచి విరుచుకుపడే రోజున
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు,
పట్టుకు నడవడానికి.
మాట్లాడినా ఎవరికీ వినపడదు.
ట్రియెస్టే అంతా ఒక్కపూట
నాలాగే ఉంటుంది.

నేను ఓబో వాయిస్తాను.
నల్లకర్ర, వెండి మీటలు,
కొసన రెండు రెల్లు పొరలు
ఎర్రదారంతో బిగించి కట్టినవి.
నోట్లో నాలుక లేని పిల్ల అనేవాళ్ళు నన్ను.
ఆ నాలుక కొసతోనే
ముప్ఫయ్యేళ్ళుగా అద్దె కడుతున్నాను.

కచేరీ మొదలయ్యేముందు
డెబ్భైమంది చేతులాపి నా వైపు చూస్తారు.
ఒక్క స్వరం ఊదుతాను.
దాన్ని నమ్మి తంతులు బిగించుకుంటారు.
మా అమ్మ జోరా మొదటిసారి చూసి
పక్క కుర్చీ ఆవిడతో అందట,
"పొరుగింట్లో చిటికెడు ఉప్పు అడగలేదు ఇది!"

నిజమే.
స్టేషన్ దగ్గర కొట్లో
పాలు కలిపిన కాఫీ అడిగాను, గొంతు చాల్లేదు.
ఎజీదియో నల్లది పెట్టాడు.
పదకొండేళ్ళు నల్లదే తాగాను.
ఆయన మానేశాక వచ్చిన అమ్మాయి
నేను నోరు తెరవకముందే
పాలు కలిపి ఇచ్చింది.
నచ్చలేదు.
అదీ చెప్పలేదు.

లివియో రేవులో క్రేన్ నడిపేవాడు.
ఓడ అవతలివాళ్ళకి వినపడే గొంతు.
పక్క దుప్పట్లో, సూపులో, చొక్కా జేబులో
నేను గీసిన రెల్లు పొట్టు దొరికితే
మొదటి రెండేళ్ళు నవ్వేవాడు.
తర్వాత ఏరి కిటికీ గట్టున పెట్టేవాడు,
ఏమీ అనకుండా.
నా దగ్గర నేర్చుకున్నాడేమో.

వెళ్ళిపోయే రోజు
పెట్టె పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు.
ఏ మాట కోసమో నాకు తెలుసు.
అది గొంతు దాకా వచ్చి
మరో మాటై బయటపడింది:
"గొడుగు తీసుకో."
బోరాలో గొడుగు!
నవ్వాడు. తీసుకున్నాడు.
మర్నాడు ఊళ్ళో ప్రతి చెత్తడబ్బాలోనూ
ఊచలు విరిగిన గొడుగులే.
మాది ఏదో నేను వెతకలేదు.
వెతికాను.

ఊపిరి చాలదనుకుంటారు అందరూ.
ఓబోకి ఊపిరి ఎక్కువవుతుంది.
సందు అంత సన్నం.
వాడని గాలి లోపలే పాసిపోయి
గుండెని నొక్కుతుంది.
అందుకే పిల్లలకి మొదట చెప్తాను,
పీల్చేముందు పాతది వదలండని.
తదేయ్‌కి పద్నాలుగేళ్ళు.
పలకరిస్తే చెవులు కందిపోతాయి.
"మీకు భయం ఎప్పుడు పోయింది?" అన్నాడు.
అబద్ధం చెప్పబోయి
వాడి రెల్లు తీసుకుని గీస్తూ కూర్చున్నాను.
కాస్త ఎక్కువే గీశాను. పాడైపోయింది.

సొరుగులో ఒక రచన ఉంది, నాది.
తోడు వాద్యం లేదు. ఏడు నిమిషాలు.
మొదలంతా ఆ రెండు మాటల నడకే,
గొడుగు, తీసుకో, గొడుగు.
ఎవరికీ చూపించలేదు.
మొన్న రాత్రి గాలి లేచాక
స్కూలు రోజుల ప్లాస్టిక్ ఓబో పట్టుకెళ్ళి
(కర్రదైతే చలికి పగులుతుంది)
రేవు గట్టు చివర నిలబడి
మొత్తం వాయించాను.
నాకే వినపడలేదు.
వేళ్ళకి మాత్రం తెలిసింది,
నాలుగో నిమిషంలో ఒకచోట
అతుకు సరిగ్గా లేదని.

తిరిగొస్తూ మలుపులో తాడు పట్టుకున్నాను.
అవతలి కొసన ఎవరో ముసలావిడ,
ముఖమంతా మఫ్లరు.
ఆవిడ అడుగేస్తే నా చెయ్యి లాగుతోంది,
నేనేస్తే ఆవిడది.
మధ్యలో ఒకరినొకరు తప్పుకోడానికి
భుజం పట్టుకోవాల్సొచ్చింది.
ఆవిడేదో అంది. నేనూ ఏదో అన్నాను.
ఆవిడ చెయ్యి వదిలేసి వెళ్ళాక
తాడు నా అరచేతిలో కాసేపు మోగుతూనే ఉంది.

అలవాటు కదా,
చెవి దగ్గర పెట్టి చూశాను.
శ్రుతికి కొంచెం తక్కువ.